ఎండిన నేల నుంచి వచ్చినవాళ్లనూ నిర్వాసితులుగా గుర్తించండి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి, కార్మిక, పురపాలక, విద్యా శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ పడమటి వైపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరైన టీచర్ని. పుట్టి పెరిగింది పాలమూరులో. నా సర్వీసులో ఎక్కువ కాలం నా ముందు కూర్చున్నది బిల్డింగ్ సైట్ల మీద పనిచేసేవాళ్ల పిల్లలే. వాళ్ల తల్లిదండ్రుల తరఫున, మా జిల్లా తరఫున ఒక మాట అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. భూమి పంటకు పనికిరాకుండా పోయి, బోర్లు ఎండిపోయి, ఊరు వదిలి ఈ నగరానికి వస్తున్న కుటుంబాలను ప్రభుత్వం నిర్వాసితులుగా గుర్తించాలి. వాళ్లు ఎంతమంది ఉన్నారో, ఏ ఊళ్ల నుంచి వచ్చారో లెక్క తీయాలి. తక్కిన కోరికలన్నీ దీని తర్వాతే.

శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లవాళ్లకు జరిగిన అన్యాయం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు, జీవో 98 కింద రావాల్సిన ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి తిరిగిన కుటుంబాలు మా జిల్లాలో ఎన్నో. అయినా వాళ్ల ఊరు పోయిందని ప్రభుత్వం ఒప్పుకుంది. పోట్లాడటానికి వాళ్ల చేతిలో ఒక జీవో ఉంది, ఒక జాబితా ఉంది. 2013 భూసేకరణ చట్టం వచ్చాక ఆ హక్కు ఇంకా గట్టిపడింది. భూమి లేని కూలీ అయినా సరే, ఆ ఊళ్లో మూడేళ్లుగా పని చేసుకుని బతుకుతుంటే అతనిదీ బాధిత కుటుంబమే అంటుంది ఆ చట్టం.

అదే జిల్లాలో, అదే నదికి కొన్ని మైళ్ల దూరంలో ఇంకో రైతు ఉన్నాడు. అతని చెల్క మీద పైమట్టి ముప్పై ఏళ్లుగా వానకు కొట్టుకుపోతూ మొరం తేలింది. బోరు వేస్తే దుమ్ము లేచింది. అతనూ ఊరు విడిచాడు. అతనికి జీవో లేదు, జాబితా లేదు, పునరావాసం లేదు. హైదరాబాద్‌లో దిగగానే అతను లేబర్. ఊరు నీళ్లలో మునిగినా, నీళ్లు లేక ఎండినా ఇల్లు వదలక తప్పని కష్టం ఒకటే. రెండోదానికి కారణమైన మనిషి ఎవరో వేలు పెట్టి చూపించలేం కాబట్టి అది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

2011 జనగణనకు నేను ఎన్యూమరేటర్‌గా తిరిగాను. ఫారంలో వలస గురించి ఒక ప్రశ్న ఉంటుంది. ఇంతకుముందు ఉన్న చోటు వదిలి ఎందుకు వచ్చారు అని. దానికి జవాబులు కూడా ఫారంలోనే ఇచ్చారు: పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక తీసుకొచ్చారు, ఇంటివాళ్లతో పాటు వచ్చాం, ఇతర కారణం. కట్టుబడి జరుగుతున్న ఒక అపార్ట్‌మెంట్ వెనక రేకుల షెడ్డులో మద్దూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడను ఇదే ప్రశ్న అడిగాను. ఆమె చెప్పింది ఇది: "బాయి ఎండిపాయె మేడం. మూడేండ్ల సంది పల్లికాయ చేతికి రాలే. బోరుకు తెచ్చిన పైసలకు మిత్తి పెరిగె. ఇగ ఏం జేస్తం, వచ్చినం." ఈ నాలుగు మాటల్లో కరువు ఉంది, భూగర్భ జలం ఉంది, పంట నష్టం ఉంది, అప్పు ఉంది. ఫారంలో నేను వేయగలిగిన అంకె ఒకటే. పని కోసం వచ్చారు. దేశమంతా లక్షల ఇళ్ల దగ్గర లక్షల మంది టీచర్లు అదే అంకె వేసి ఉంటారు. ఆ తర్వాత ఢిల్లీలో పట్టికలు తయారయ్యాయి, వాటిలో నేల ఎండి వచ్చినవాళ్ల వరుస ఎక్కడా లేదు.

2024 నవంబరులో మన రాష్ట్రం ఇంటింటి సర్వే చేసినప్పుడు కూడా టీచర్లమే తిరిగాం. నాకు ఇచ్చిన బ్లాకులో మళ్లీ రేకుల షెడ్లు వచ్చాయి. కొందరు "మా పేర్లు ఊళ్లో రాసుకున్నరు" అన్నారు. ఇంకొందరు "ఊళ్లె ఇంటికి తాళం ఉంది, మాకు ఎవ్వరు రాయలే" అన్నారు. షెడ్డు తలుపుల మీద నంబర్లు ఉన్నాయి, పెయింటుతో పెద్దగా వేసినవి. అవి మున్సిపాలిటీ నంబర్లు కావు, ఏ షెడ్డు ఏ మేస్త్రీ గుంపుదో తెలియడానికి కాంట్రాక్టరు వేయించుకున్నవి. ఆ షెడ్లలో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలిపే పుస్తకం ఒక్క మేస్త్రీ దగ్గరే ఉంది. ఆ పుస్తకం ప్రభుత్వం దగ్గర కూడా ఉండాలి కదా!

నేల ఎండిపోవడం అంటే ఏమిటో నగరంలో ఉన్నవాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. ఇసుక తిన్నెలు, ఒంటెలు ఉంటేనే ఎడారి అనుకుంటాం. ఐక్యరాజ్యసమితి 1994 జూన్ 17న ఎడారీకరణ మీద చేసిన ఒప్పందంలో చెప్పింది వేరే. వాన తక్కువ పడే మెట్ట ప్రాంతాల్లో వాతావరణ మార్పుల వల్ల, మనుషుల పనుల వల్ల నేల సారం కోల్పోవడమే ఎడారీకరణ. అందుకు థార్ దాకా వెళ్లక్కర్లేదు. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, అటు కర్నూలు జిల్లా ఆదోని డివిజను, దాని కింద అనంతపురం, అన్నీ ఆ వరుసలోవే. ఇస్రో 2021లో తెచ్చిన అట్లాసు ప్రకారం 2018-19 నాటికి దేశంలో 9.78 కోట్ల హెక్టార్ల నేల ఇలా దెబ్బతింది. దేశ విస్తీర్ణంలో అది 29.77 శాతం.

మా చెల్క నేలల్లో మట్టి లోతు తక్కువ. జానెడో మూరెడో ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద రాయి. వాన నీళ్లు నిలిచేది ఆ మొరంలో, రాతి పగుళ్లలో. దక్కను పీఠభూమి రాయికి కోస్తా ఇసుక నేలల్లాగా నీళ్లు దాచుకునే గుణం లేదు. పూర్వం ఊరికో చెరువు, చెరువు కింద బావులు, మెట్టన జొన్న, కొర్ర, ఆముదం, కంది వేసుకున్నారంటే ఆ నేల సంగతి తెలిసే వేసుకున్నారు. తర్వాత చెరువుల్లో పూడిక పేరుకుంది, బావులు పోయి బోర్లు వచ్చాయి. బోరు రెండు వందల అడుగుల నుంచి ఐదు వందలకు, అక్కడి నుంచి వెయ్యికి దిగింది. జొన్న పోయి పత్తి వచ్చింది. ఏడాదికి పడేది ఆరేడు వందల మిల్లీమీటర్లు, అదీ ఇప్పుడు మునుపటిలా ముసురు పట్టి పడటం లేదు. నెల రోజులు మొగం చాటేసి, ఒక్క రాత్రి కుండపోతగా కురుస్తుంది. అలాంటి వాన నేలలోకి ఇంకదు, పైమట్టిని వాగులోకి ఈడ్చుకుపోతుంది. మొలకెత్తినప్పుడు వాన లేక ఒకసారి, కాయ ఊరేటప్పుడు లేక ఒకసారి పంట పోతుంది. ఆ మట్టి మళ్లీ తయారు కావాలంటే వందల ఏళ్లు పడుతుంది.

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో ఇది కంటికి కనిపించేంతగా ముదిరింది. అక్కడ వేదవతి నది ఎండిపోయి, దాని ఇసుకను గాలి ఎత్తి పొలాల మీద పోస్తోంది. దర్గాహొన్నూరు వైపు రైతులు ఏటా గాలుల కాలం దాటాక పొలంలో ఇసుక తోడుకుంటారు. అలాంటి నేల వదిలి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది బెంగళూరు దారి పడతారు. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరపకాయలు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు వెళ్తారు, కట్టుబడి పనులకు మన దగ్గరికి వస్తారు. మహబూబ్‌నగర్, నారాయణపేట, వికారాబాద్ జిల్లాల నుంచి కొన్ని తరాలుగా బొంబాయి, పుణెలకు వెళ్తున్నారు, ఇప్పుడు హైదరాబాద్‌కూ వస్తున్నారు. మన చుట్టూ ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాలు బలంగీర్, నువాపడా జిల్లాలవి. ఆ ఊళ్లూ కరువు ఊళ్లే. అంటే ఈ నగరం కట్టుబడి పనంతా ఎండిన ఊళ్ల భుజాల మీద నడుస్తోంది.

ఇది మన ఒక్కరి సంగతే కాదని నాకు తెలుసు. 2020తో ముగిసిన ముప్పై ఏళ్లలో భూమ్మీద నేలలో 77.6 శాతం అంతకుముందు ముప్పై ఏళ్లకంటే పొడిబారిందని, ఆ ఎడారీకరణ ఒప్పందం మీద 2024 డిసెంబరులో రియాద్‌లో జరిగిన సదస్సులో చెప్పారు. వాతావరణ మార్పు ఇలాగే సాగితే 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా సొంత దేశాల్లోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలాల్సి వస్తుందని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. అందులో దక్షిణాసియావాళ్లు 4 కోట్ల మంది. వాళ్లు పడవలెక్కి వేరే దేశాలకు పోరు. ఆర్టీసీ బస్సెక్కి ఆరాంఘర్‌లో, మెహిదీపట్నంలో దిగుతారు. ఇప్పటికే దిగుతున్నారు.

దసరా, దీపావళి దాటితే మా బడి రిజిస్టరులో కొత్త పేర్లు వచ్చేవి. ఉగాది తర్వాత ఒక్కొక్కటే ఖాళీ అయ్యేవి. మృగశిర కార్తెకు ఊళ్లో విత్తనం వేయాలని కొందరు వెళ్లేవాళ్లు, సైటు అయిపోయి ఇంకో సైటుకు కొందరు వెళ్లేవాళ్లు. ఒక పాప నాకు గుర్తుంది. రెండో తరగతి మూడు బళ్లలో చదివింది, ఒకటి ఊళ్లో, ఒకటి పుణె దగ్గర, ఒకటి మా దగ్గర. ఏడాది వయసున్న తమ్ముణ్ణి చంకలో వేసుకుని బడికి వచ్చేది. వాణ్ణి వదిలి రమ్మంటే పాప బడి మానేస్తుంది, ఎందుకంటే తల్లి ఇటుకలు మోసే చోట ఆ పిల్లవాణ్ణి పడుకోబెట్టడానికి నీడ ఉన్న జాగా లేదు. అందుకే వాడికి తరగతి గదిలో మూలన చాప వేశాం. ఆ పాప ఎక్కాలు ఎంత బాగా అప్పజెప్పేదో! మరాఠీలో అంకెలు కూడా లెక్కపెట్టేది. ఒక సోమవారం రాలేదు. షెడ్డు దగ్గరికి వెళ్తే అప్పటికే వేరే కుటుంబం దిగింది.

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం టీసీ లేదని ఏ బడీ పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు. చేర్చుకుంటాం, పక్కన కూర్చోబెట్టుకుంటాం. కానీ ఆన్‌లైన్‌లో పాత బడివాళ్లు ఆ పేరు వదిలితే తప్ప మా బడి లెక్కలోకి ఎక్కదు. ఫోన్ చేస్తే అక్కడ హెడ్‌మాస్టరు గారికి కూడా తన పిల్లల సంఖ్య తగ్గుతుందని టెన్షన్. ఆయన్ని తప్పు పట్టను, సంఖ్య తగ్గితే టీచరు పోస్టు పోతుంది. ఈ లోపు ఆ పిల్లకు పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం లెక్క అన్నీ సర్దుబాటు మీదే నడుస్తాయి. పిల్లలు సీజన్‌లో మారతారని తెలిసినప్పుడు ఆ పేరు రెండు బళ్లలో ఒకేసారి ఉండేలా చేయడం కంప్యూటర్‌కు ఎంత పని? ఊళ్లోనే ఉండి చదువుకోవాలనుకునే పిల్లలకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెట్టే వీలు ఉంది. వలస వెళ్లే ప్రతి మండలంలో దీపావళికి ముందే అవి తెరవాలి. తల్లిదండ్రులు బయల్దేరాక జనవరిలో తెరిస్తే లాభం లేదు, అప్పటికి పిల్లలు కూడా బస్సెక్కి వెళ్లిపోయి ఉంటారు.

ఇక పెద్దవాళ్ల సంగతి. కూలీలు పని కోసం చేరే అడ్డా మీద పొద్దున్న ఏడింటికి నిలబడితే తొమ్మిదింటి లోపు పని దొరకాలి. దొరక్కపోతే ఆ రోజుకు అంతే. మగమనిషికి ఇచ్చే కూలి కంటే ఆడమనిషికి రెండు మూడు వందలు తక్కువ. నేను ఉండే ఇంటికి దగ్గర్లోని అడ్డాలో ఎండాకాలం కూడా ఆడవాళ్లు నీళ్లు సరిగా తాగరు. పొద్దున్న బయల్దేరితే సాయంత్రం షెడ్డుకు చేరేదాకా వెళ్లడానికి చోటు ఉండదని గొంతు తడుపుకుని ఊరుకుంటారు. మే నెలలో ఎండలో రేకులు, సిమెంటు మోసే మనిషి నీళ్లు తాగకుండా ఉండటం ఎంత ప్రమాదమో డాక్టర్లను అడగండి. ప్రతి అడ్డాలో ఒక నీడ, నల్లా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టడానికి ఈ నగరానికి డబ్బు లేదంటే నేను నమ్మను. భవన నిర్మాణం ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికే వసూలు చేస్తున్నారు. అది ఈ ఆడవాళ్లు మోసిన ఇటుకల మీద వచ్చిన డబ్బు.

ఆ సెస్సు డబ్బు చూసే సంక్షేమ బోర్డు కార్డు రావాలంటే ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసినట్టు చూపించాలి. అడ్డా మీది మనిషి రోజుకో ఇంట్లో, రోజుకో మేస్త్రీ దగ్గర చేస్తాడు. 90 రోజులకు ఎవరు సంతకం పెట్టాలి? ఎవరో ఒకరు డబ్బు తీసుకుని పెట్టిస్తారు. అసలు చేసినవాడికి కార్డు ఉండదు. అడ్డాలోనే వార్డు ఉద్యోగి ఒకరు పొద్దున్న రెండు గంటలు కూర్చుని హాజరు వేస్తే ఈ బాధ ఉండదు.

చట్టంలో ఇంకో లోటు ఉంది, దాన్ని మీరు తప్పకుండా చూడాలి. 1979లో వచ్చిన వలస కార్మికుల చట్టం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లినవాళ్లకే. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్ కూడా అంతే. కర్నూలు జిల్లా కోసిగి నుంచి ఒక మనిషి, మన నారాయణపేట జిల్లా కోస్గి నుంచి ఒక మనిషి ఒకే సైటులో ఒకే పరంజా మీద నిలబడి పనిచేస్తుంటారు. మొదటి మనిషి 2014 జూన్ 2 తర్వాత చట్టం దృష్టిలో వలస కార్మికుడు అయ్యాడు. రెండో మనిషి రాష్ట్రం దాటలేదు కాబట్టి వలస కార్మికుడే కాడు. సొంత రాష్ట్రంలో కదిలినవాళ్లను ఏ చట్టమూ పట్టించుకోవడం లేదు. ఆ లోటు పూడ్చడానికి ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు, రాష్ట్రం తన పరిధిలో చేయగలదు.

చేయగలదని ఎలా అంటున్నానంటే మీరే చేసి చూపించారు. 2025లో మన రాష్ట్రం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణించినవాళ్ల కుటుంబానికి పరిహారం 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. ఎండ అనేది వరదలాగా ఒక్క రోజులో ఊరు ముంచేది కాదు, అయినా విపత్తే అని మీరు గుర్తించారు. అది చాలా మంచి నిర్ణయం. నేల క్షీణించి జరిగే వలసను కూడా అలాగే గుర్తించమని అడుగుతున్నాను. కరువు మండలాలు ప్రకటిస్తున్నాం కదా అనవచ్చు. కరువు ప్రకటన ఆ ఒక్క ఏడాదికి, ఆ ఒక్క పంటకు. ఒక మంచి వాన పడితే జాబితా నుంచి మండలం పోతుంది, కొట్టుకుపోయిన మట్టి మాత్రం వెనక్కి రాదు, బోరు అప్పూ తీరదు.

న్యాయంగా మాట్లాడాలంటే మంచి జరిగిన చోట్లు కూడా చెప్పాలి. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలతో నీళ్లు వచ్చిన ఊళ్లకు మా బంధువుల్లోనే కొందరు తిరిగి వెళ్లి వరి వేసుకుంటున్నారు. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల కింద బోర్లు మళ్లీ పోశాయి. 2024 ఫిబ్రవరిలో మీరు శంకుస్థాపన చేసిన నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల మీద మా వైపు జనానికి ఎంత ఆశ ఉందో మీ నియోజకవర్గం కాబట్టి మీకే బాగా తెలుసు. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేది నారాయణపేట జిల్లాలోనే. అక్కడి నుంచి జూరాల, శ్రీశైలం దాటి సాగర్‌కు చేరాక, ఆ నీళ్లు పైపుల్లో హైదరాబాద్ నల్లాలకు వస్తాయి. నగరం తాగే నీళ్లు మా ఊళ్ల పక్క నుంచే పోతున్నాయి. అందుకే ఈ నగరం మీద మా ఊళ్లకు హక్కు ఉందంటాను.

కానీ కాలువ ఎక్కని గుట్టల మీది తండాలు, చివరి భూములు ఎప్పటికీ ఉంటాయి. వాటికి మట్టి నిలబెట్టే పనులే దిక్కు. గట్లు, కందకాలు, ఊటకుంటలు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది, అలాంటి నేలలోనే మొదలవడం సబబు. 2025 డిసెంబరులో దాని స్థానంలో వేరే చట్టం చేశారు. పని 125 రోజులు అన్నారు, ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలన్నారు, వ్యవసాయం ముమ్మరంగా ఉన్నప్పుడు ఏడాదికి 60 రోజులు పనులు ఆపమన్నారు. ఆ 60 రోజులు ఎప్పుడన్నది రాష్ట్రం ముందే చెప్పాలి. దయచేసి వలస మండలాలకు వరి మండలాల లెక్క వేయకండి. మాకు ఖరీఫ్ అయ్యాక పొలంలో పనే ఉండదు. దసరా నుంచి ఉగాది దాకా ఒక్క రోజు కూడా ఆపకుండా పనులు నడపాలి, కూలి డబ్బు పదిహేను రోజుల్లో పడాలి. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేది దసరాకే. అప్పుడు ఊళ్లో పని లేకపోతే ఆ అడ్వాన్సు తీసుకోక తప్పదు. తీసుకున్నాక ఆరు నెలలు ఆ మనిషి తన ఇష్టంతో ఎక్కడికీ కదలలేడు.

ఈ మాట కూడా మనవి చేసుకుంటాను. ఎండిన నేలల గురించి దేశంలో ఎక్కువ తెలిసినవాళ్లు ఉన్నది ఈ నగరంలోనే. పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్, సంతోష్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల సంస్థ, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ. ఇక్రిశాట్‌వాళ్లు 1975లో మొదలుపెట్టి మా ఉమ్మడి జిల్లా డోకూరు, ఔరేపల్లి గ్రామాల్లో విడతలవారీగా ఇంటింటి వివరాలు రాసుకున్నారు. ఏ ఇంట్లో ఎవరు వలస పోయారో, ఎందుకు పోయారో ఆ పుస్తకాల్లో ఉంది. ఏ మండలంలో నేల ఎంత క్షీణించిందో ఎన్‌ఆర్‌ఎస్‌సీ పటాల్లో ఉంది. ఈ రెండూ కార్మిక శాఖ బల్ల మీదికి ఎప్పుడైనా వచ్చాయా? వీళ్లందరినీ ఒక్క రోజు కూర్చోబెట్టండి. ఏ మండలాలు వచ్చే పదేళ్లలో ఖాళీ అవుతాయో వాళ్లు చెప్పగలరు. 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల నేలను బాగుచేస్తామని మన దేశం 2019లో మాట ఇచ్చింది. అందులో మన రాష్ట్రం వాటా ఆ మండలాల నుంచే మొదలుపెట్టవచ్చు.

రేషను విషయంలో దారి ఇప్పటికే పడింది. ఒకే కార్డు మీద ఎక్కడైనా బియ్యం తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులో ప్రయోగంగా మొదలైంది మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్యనే. ఊళ్లో ముసలి తల్లి సగం, ఇక్కడ కొడుకు సగం తీసుకునే వీలు అందులో ఉంది. చాలామందికి అది తెలియదు, కొందరు డీలర్లూ చెప్పరు. సిమెంటుతో వేలిముద్రలు అరిగిపోయినవాళ్లను మిషన్ తిప్పి పంపుతుంది. బియ్యం కోసం ఊరినుంచి వచ్చిన కార్డు ఇక్కడ పనిచేసినట్టే, వలస గుర్తింపు కార్డు కూడా రెండు చోట్లా పనిచేయాలి. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి బయల్దేరే ముందు పేరు, కారణం రాసి ఇవ్వాలి, ఇక్కడ వార్డు ఆఫీసులో దాన్ని చూసి బడి, ఆసుపత్రి, రేషను, సంక్షేమ బోర్డు, నాలుగింటికీ కలపాలి. కారణం అన్న చోట భూమి క్షీణత, నీటి కొరత అని కూడా రాసే వీలు ఉండాలి.

2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌కు కదిలింది. అందులో పన్నెండు వందల మంది దాకా ఉన్నారు. ఈ నగరంలో పరాయి ఊళ్లవాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారో చాలామందికి అప్పుడే మొదటిసారి తెలిసింది. వాళ్లను తీసుకెళ్లడానికి అధికారులు జాబితాలు తయారు చేశారు, సైటు సైటుకు తిరిగి పేర్లు రాశారు. అంటే పేర్లు రాయడం సాధ్యమేనని తేలింది.

వచ్చే జనగణనలో మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో జరుగుతుంది. ఫిబ్రవరి అంటే మా ఊళ్లలో ఇళ్లకు తాళాలు ఉండే నెల, ఇక్కడ షెడ్లు నిండే నెల. ఆ ఫారంలో ఏ ప్రశ్న ఉండాలో కేంద్రం చేతిలో ఉంది. భూమి, నీరు పోవడాన్ని వలసకు కారణంగా చేర్చమని రాష్ట్రం తరఫున మీరు ఇప్పుడే రాయండి. వాళ్లు చేర్చినా చేర్చకపోయినా ఆ నెలలోనే మన రాష్ట్రం హైదరాబాద్ చుట్టుపక్కల సైట్లలో, అడ్డాల్లో, ఇటుక బట్టీల్లో తన సొంత లెక్క తీయాలి. పొద్దున ఎనిమిదింటి లోపు లేదా రాత్రి ఏడు తర్వాత వెళ్తేనే మనుషులు దొరుకుతారని, మేస్త్రీ లేకుండా మాట్లాడితేనే నిజం చెప్తారని, ఒడియా, మరాఠీ, కన్నడ వచ్చినవాళ్లు వెంట ఉండాలని ఆ పనికి వెళ్లే టీచర్లకు ముందే చెప్పండి. నాలాంటి రిటైరైన టీచర్లు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. పిలిస్తే జీతం లేకుండా వచ్చి షెడ్డు షెడ్డుకు తిరిగి రాస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్